చింతపిక్కల లెక్క

1992 అనగానే దేశంలో చాలామందికి డిసెంబరు ఆరు గుర్తొస్తుంది. షేర్ల వ్యవహారం తెలిసినవాళ్ళకు హర్షద్ మెహతా గుర్తొస్తాడు. మా నెల్లూరు జిల్లా మెట్ట పల్లెల్లో యాభై దాటిన ఆడమనిషిని ఎవరిని కదిలించినా "సారా గొడవైన ఏడు" అంటుంది. నాకూ అంతే. ఆ ఏడాది దేశంలో ఇంకేం జరిగిందో నేను తర్వాతెప్పుడో పుస్తకాల్లో చదువుకున్నాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. కావలిలో ఇంటరు అయిందనిపించుకుని ఇంట్లో కూర్చున్నాను. డిగ్రీకి పంపాలా, పెళ్ళి చేసేయాలా అని పెద్దవాళ్ళు తర్జనభర్జన పడుతున్నారు. ఆ సందులోనే ఊళ్ళోకి అక్షరదీపం వచ్చింది, పెద్దవాళ్ళకు రాత్రిపూట చదువు చెప్పే కార్యక్రమం. అప్పటికి రెండేళ్ళ కిందట కేరళలో ఎర్నాకుళం జిల్లాను సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటించారు. ఆ పద్ధతినే మన రాష్ట్రంలో తొలివిడతగా మొదలుపెట్టిన జిల్లాల్లో మాదొకటి. జనవిజ్ఞాన వేదిక వాళ్ళు, బడిపంతుళ్ళు, కాలేజీ పిల్లలు ఊరూరా తిరిగారు. కళాజాతా దళం వచ్చి బడి ముందు పాటలు పాడి, నాటకం వేసి వెళ్ళింది. మర్నాడు పంచాయతీ ఆఫీసు దగ్గర మా నాన్న నా పేరు ఇచ్చొచ్చాడు, వాలంటీరుగా. జీతం లేదు. ఉంటే మా నాన్న పంపేవాడు కాదనుకుంటాను. ఆడపిల్ల జీతానికి పోయిందంటే ఆ రోజుల్లో సంబంధాలకు అడ్డమని ఆయన నమ్మకం.

మా ఊళ్ళో రెండు సెంటర్లు పెట్టారు. ఒకటి రామాలయం అరుగు మీద, ఇంకోటి కాలనీలో. కాలనీ వాళ్ళు రామాలయం అరుగెక్కరు, ఎక్కనివ్వరు, అందుకని రెండు. ఇది ఎవరూ పైకి అనలేదు, ఎవరూ అడగలేదు. కాలనీ సెంటరుకు పోవాల్సిన కుర్రాడు పది రోజులకే మానేస్తే అది కూడా నా మీదే పడింది. సోమ, బుధ, శుక్రవారాలు కాలనీలో, తక్కిన రోజులు అరుగు మీద. మా నాయనమ్మ నన్ను పెరట్లో కాళ్ళు కడుక్కుని గాని లోపలికి రానిచ్చేది కాదు.

ఎనిమిదింటికి క్లాసు అంటే తొమ్మిదికి ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి, పేడ తీసి, వంట చేసి, శనక్కాయ పీకటానికో పొగాకు పనులకో పోయి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చున్న మనుషులు. పలక ఒళ్ళో పెట్టుకుని అలాగే తూగేవాళ్ళు. పొగాకు పనుల కాలంలో వాళ్ళ వేళ్ళకు నల్లటి జిగురు పట్టి ఉండేది, ఎంత తోమినా పోయేది కాదు. ఆ జిగురుకు బలపం అతుక్కుని 'అ' రాయబోతే వేలితో పాటు బలపం లేచొచ్చేది. "అచ్చరమ్ముక్క నాకు రాదులే పాపా, అదే నన్ను పట్టుకోనుండాది" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. ఆమెకే అందరికంటే ముందు సంతకం వచ్చింది.

సారా గురించి ఈ కాలం పిల్లలకు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మా చిన్నప్పుడు సారా కావాలంటే మగవాళ్ళు పని కట్టుకుని పోయి తాగొచ్చేవాళ్ళు. 1980ల్లో వారుణి వాహిని అని పేరు పెట్టి సర్కారే సరఫరా చేయించటం మొదలుపెట్టాక సారా పాలిథీన్ ప్యాకెట్లలోకి వచ్చింది. ప్యాకెట్టు రావటంతో అంతా మారిపోయింది. జేబులో పడుతుంది. మొలలో దోపుకోవచ్చు. అంగడి దాకా పోనక్కర్లేదు, సైకిలు మీద చేను గట్టుకే తెచ్చిస్తారు. కూలి డబ్బులు చేతిలో పడే చోటే ప్యాకెట్లూ ఉండేవి. పంటితో మూల కొరికి, మెడ వెనక్కి వాల్చి, రెండు గుక్కల్లో పని కానిచ్చేవాళ్ళు. ఖాళీ ప్యాకెట్లలో పిల్లలు నీళ్ళు నింపి ఒకరి మీద ఒకరు చిమ్ముకునేవాళ్ళు. నేనూ చిమ్మాను.

ఊళ్ళో బోరు చెడిపోతే బాగుచేసేవాడికోసం నెలల తరబడి చూడాలి. సారా జీపు మాత్రం పొద్దు తప్పేది కాదు. సారాతో సహా మద్యం మీద రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చే రాబడి 1991-92 నాటికి ఏడాదికి ఎనిమిది వందల కోట్లు దాటిందని తర్వాత చదివాను. 1970 ప్రాంతాల్లో అది నలభై కోట్ల లోపే. ఈ తేడా అంతా ఎవరి మొలలోంచి వచ్చిందో మా అరుగు మీద తూగే ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మాకిచ్చిన పుస్తకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. మొగుడి తాగుడు భరించలేక ప్రాణం తీసుకున్న మనిషి కథ. అది చదివిన రాత్రి అరుగు మీద ఎవరూ తూగలేదు. చదవటం పూర్తయ్యాక మా మేనత్త, అంటే మా నాన్న అక్క, "ఇది చావడమెందుకు? వాణ్ణి గుంజకు కట్టెయ్యాల్సింది" అంది. ఆమె మాట మీద వాదన లేచింది. గుంజకు కడితే పొద్దున పనికి ఎవడు పోతాడని ఒకామె. పోతే మాత్రం డబ్బులు తెస్తాడా అని ఇంకొకామె. పెట్రొమాక్స్ లైటులో కిరసనాయిలు అయిపోయి చీకటి పడ్డా వాదన ఆగలేదు.

ఇంకో పాఠం "ఆడవాళ్ళు ఏకమైతే". అది దూబగుంట సంగతి. మాకది పుస్తకంలో కథ కాదు, పక్క మండలం. మా ఊళ్ళో ఒకామె అత్త పుట్టిల్లు అక్కడే. కలిగిరి మండలంలోని ఆ చిన్న ఊళ్ళో రాత్రిబడిలో కూర్చున్న ఆడవాళ్ళు పలకలు పక్కన పెట్టి లేచి ముందు కల్లు బండిని వెనక్కి పంపించారు. ఒక్క బండి ఆపితే ఏమవుతుందని బండివాడంటే, నీకు నష్టమైతే తలా ఒక రూపాయి చందా వేసుకుని ఇస్తాం, నువ్వు మాత్రం రావద్దన్నారు. తర్వాత సారా జీపును చుట్టుముట్టారు. కలెక్టరు దగ్గరికి పోతామన్నారు. వర్ధినేని రోశమ్మ పేరు జిల్లా అంతా పాకింది అప్పుడే. దూబగుంట రోశమ్మ అంటేనే ఎవరికైనా తెలిసేది. సర్కారు డబ్బులతో అచ్చేసిన పుస్తకమే సర్కారు అమ్మే సరుకును ఆపటం ఎలాగో నేర్పటం అప్పట్లో పై ఆఫీసర్లకు తట్టలేదో, తట్టినా ఎవరో మంచివాళ్ళు ఊరుకున్నారో! ఇప్పటికీ ఆలోచిస్తే నవ్వొస్తుంది.

కలెక్టరుకు చెప్పాలంటే లెక్క కావాలని కాలనీ సెంటరులో మాట వచ్చింది. ఊళ్ళో ఎంత సారా తాగుతున్నారు? ఎవరి ఇంట్లో ఎంతో వాళ్ళకు తెలుసు గాని నోటితో చెప్పటానికి మొహమాటం. అప్పటికి వాళ్ళకు కూడికలు వచ్చాయి, హెచ్చవేత ఇంకా రాలేదు. ఒక ముసలామె ఉపాయం చెప్పింది. మూతి సన్నటి కుండ ఒకటి సెంటరులో పెట్టాలి. రోజూ క్లాసుకు వచ్చేటప్పుడు ఎవరింట్లో ఆ రోజు ఎన్ని ప్యాకెట్లు తాగితే అన్ని చింతపిక్కలు అందులో వెయ్యాలి. ఎవరెన్ని వేశారో ఇంకొకరికి తెలియదు. అరుగు మీద క్లాసుకూ అలాంటి కుండే ఒకటి పెట్టాను.

వారం తర్వాత రెండు కుండలూ ఒకే చోట వంచారు. అది రామాలయం కాదు, కాలనీ కాదు, బస్సాగే వేపచెట్టు కింద. రెండు సెంటర్ల వాళ్ళు ఒకే చోట కింద కూర్చోవటం నేను చూసింది అదే మొదలు. పిక్కలు పదేసి చొప్పున వరసలు పేర్చారు. మధ్యలో ఎవరో మాట్లాడితే లెక్క తప్పి మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళు. చివరికి నాలుగొందల చిల్లర తేలాయి. మా ఊళ్ళో ప్యాకెట్టు ఐదు రూపాయలకు అమ్మేవాడు. నేను మట్టిలో పుల్లతో హెచ్చవేసి చూపించాను. వారానికి రెండు వేల పైన. నెలకు ఎనిమిది వేల పైన. ఆడకూలి పది పన్నెండు రూపాయలున్న రోజులవి.

ఎవరూ ఏమీ అనలేదు కాసేపు. మా అత్త చేయి చాచి వరసల్లోంచి ఒక గుప్పెడు పిక్కలు తీసి కొంగులో ముడేసుకుంది. "ఇయ్యి మా ఇంటియి" అంది. ఎన్నో ఆమెకే తెలుసు.

పత్రికల్లో తర్వాత వచ్చిన రాతల్లో ఆడవాళ్ళ ఆగ్రహం కట్టలు తెంచుకుందని, చీపుర్లు తిరగేశారని, అపర కాళికలయ్యారని రాశారు. నేను చూసినంతలో కోపం చాలా తర్వాత వచ్చింది. ముందు జరిగింది లెక్క. కోపమైతే వాళ్ళకు పెళ్ళయిన నాటినుంచీ ఉంది, దాంతో జరిగిందేమీ లేదు. నా ఒక్కదాని మొగుడే ఇట్టా తగలబడ్డాడనుకుని ఇంట్లో కుమిలేవాళ్ళకు, నాలుగొందల పిక్కలు ఒక్కచోట కనిపించాక అది తమ ఇంటి సంగతి కాదని అర్థమైంది. ఇంకోటి కూడా. 'గ్రామీణ మహిళలు' అని పేపర్లో అందరినీ ఒకే గాటన కట్టారు గాని, మా ఊళ్ళో ముందు లేచింది కాలనీ ఆడవాళ్ళు. లాఠీ దెబ్బ పడితే ముందు వాళ్ళకే పడుతుందని తెలిసీ లేచారు. ఫోటోలో వెనక వరసలో నిలబడ్డదీ వాళ్ళే.

అంగడి మూయించటం ఒక్క రోజు పని. రోడ్డు పొడుగునా ఏరిన ఖాళీ ప్యాకెట్లు దారానికి గుచ్చి దండ చేసి అంగడివాడి మెడలో వేశారు. అతనూ మా ఊరివాడే, కాంట్రాక్టరు దగ్గర రోజుకూలికి కూర్చునేవాడు. దండ వేస్తుంటే తల వంచాడు పాపం, అలవాటు కొద్దీ. ఉన్న సరుకు బయట పోసి అగ్గిపుల్ల గీస్తే నీలం రంగు మంట లేచింది. ఇంతకాలం కడుపులోకి పోయింది ఇదా అని ముసలివాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

అసలు కష్టం ఆ తర్వాత. మూసిన అంగడిని మూసి ఉంచాలి. కాంట్రాక్టరు మనుషులు రాత్రుళ్ళు జీపులో వచ్చేవాళ్ళు. ఊరి మొదట్లో కాపలా పెట్టారు, వంతులవారీగా. వంతుల పట్టిక రాసింది నేను కాదు, కొత్తగా రాయటం నేర్చిన వాళ్ళే. పలక మీద పేర్లు రాసి వేపచెట్టుకు వేలాడదీశారు. ఎవరి పేరు తప్పు రాశారని తగవులు కూడా వచ్చాయి. కారంపొడి పొట్లాలు, రోకళ్ళు, చీపుర్లు దగ్గర పెట్టుకుని, సద్ది మూట విప్పుకుని, చంటిపిల్లల్ని చెట్టు కింద పడుకోబెట్టి తెల్లార్లూ కూర్చునేవాళ్ళు. నిద్ర రాకుండా పాటలు, పొడుపుకథలు, కోడళ్ళ మీద చాడీలు. జీపు లైట్లు దూరాన కనిపిస్తే రోడ్డుకు అడ్డంగా లేచి నిలబడేవాళ్ళు. రెండు మూడు సార్లు బూతులు తిట్టి వెనక్కి తిప్పుకున్నారు. ఒకసారి మాత్రం జీపు దూసుకొచ్చి ఒకామె కాలు విరిగింది. ఆమె ఇప్పటికీ కుంటుతుంది. నష్టపరిహారం అడగాలన్న ఆలోచన కూడా అప్పుడెవరికీ రాలేదు.

ఇళ్ళల్లో ఇంకో యుద్ధం. తాగొచ్చిన వాడికి కూడు పెట్టకూడదని కట్టుబాటు చేసుకున్నారు. మా అత్త మొగుడు, మా మామ, చెడ్డ మనిషి కాదు. పొద్దున చూస్తే పిల్లల తలకు నూనె రాసి, జడలల్లేవాడు. రాత్రి తాగితే అదే చేత్తో అత్తను కొట్టేవాడు. ఇప్పుడు రాస్తుంటే ఇది ఎంత మామూలుగా చెప్పేస్తున్నానో అనిపిస్తుంది. అప్పుడు మామూలే. గడ్డివామిలో ప్యాకెట్లు దాచుకున్నాడని పట్టుకుని అత్త అన్నం బంద్ చేసింది. రెండో రోజు రాత్రి మా ఇంటికొచ్చి మా అమ్మ ముందు కూలబడ్డాడు.

"ఆకలవతా ఉండాది చెల్లా, రవంత కూడు పెట్టు."

"వదిన్ని అడిగొచ్చి పెడతా, కూర్చో అన్నా" అని మా అమ్మ నిజంగానే లేచి వాళ్ళింటికి బయల్దేరింది. మామ ఆమెకంటే ముందు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా నెలలు తాగలేదు. భయమో, పరువో, ప్యాకెట్టు దొరక్కపోవటమో. మనిషి మారాడని మాత్రం నేననను.

సారా ఏడాది అక్టోబరు నుంచి లెక్క. ఎవరెక్కడ అమ్ముకోవాలో ముందుగా సెప్టెంబరులో వేలంపాటలు జరుగుతాయి. పాటే జరగకపోతే అమ్మేవాడే ఉండడని చాలా తొందరగానే పల్లెలకు తెలిసిపోయింది. ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి మా జిల్లా మనిషే, అయినా అడిగితే ఆగలేదు. 1992 సెప్టెంబరులో పాట రోజు నెల్లూరుకు మా ఊరినుంచి పొగాకు లోడు దించొచ్చిన లారీలో పోయాం. నిలబడే పోవాలి. అత్త నలభై ఏళ్ళు దాటిన మనిషి, నెల్లూరు చూడటం అదే మొదలు. దారి పొడుగునా మైలురాళ్ళ మీది అంకెలు పైకి చదివింది. "యాభై రెండు. యాభై ఒకటి. ఇంకా యాభైయ్యా?" ఎవరో విసుక్కుంటే "నేను చదువుకున్నది ఇందుకేగా" అంది. బస్టాండులో బోర్డులు, సినిమాహాలు మీది రాతలు, సబ్బు కంపెనీ గోడరాతలు, ఒక్కటి వదల్లేదు. 'మూత్రము పోయరాదు' అని చదివి అక్కడున్న మగవాణ్ణి కేకేసింది. పోలీసులు తాడు కట్టి నిలబడి ఉన్నారు. ఎన్ని ఊళ్ళవాళ్ళో! ఉదయగిరి వైపు, కలిగిరి, కావలి, వింజమూరు, ఆత్మకూరు, పేర్లు అడిగి చెప్పుకోవటంతోనే సగం రోజు గడిచింది. కమ్యూనిస్టు మహిళా సంఘాల వాళ్ళు వచ్చారు. కాలేజీ ఆడపిల్లలు, గాంధేయవాదులు, తెలుగుదేశం వాళ్ళు, అందరూ ఉన్నారు. మైకులు వాళ్ళవి, గొంతులు మావాళ్ళవి. ఆ రోజు పాట జరగలేదు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జరగలేదు. పెట్టటం, వాయిదా వేయటం, అలా సాగుతూనే ఉంది. ప్రతిసారీ ఒకరోజు కూలి పోగొట్టుకుని పోయేవాళ్ళు.

ఈనాడు వాళ్ళు ఈ గొడవకు రోజూ ఒక పేజీ కేటాయించారు. పేపరు మా ఊరికి పదకొండు బస్సుకు వచ్చేది. టీ అంగడి దగ్గర మగవాళ్ళు చదివాక మధ్యాహ్నం ఆడవాళ్ళ చేతికొచ్చేది. ఏ ఊళ్ళో ఏం చేశారో చదివి, అది మనమూ చేద్దామనేవాళ్ళు. ఒక చోట గుండు గీయించారట, ఒక చోట గాడిద మీద ఊరేగించారట. నిజం చెప్పాలంటే ఆ గాడిద ఊరేగింపు మా వాళ్ళకు బాగా నచ్చింది గాని మా ఊళ్ళో గాడిద లేదు. పత్రికలకూ పార్టీలకూ ఎవరి లెక్కలు వాళ్ళకున్నాయి, అందులో రహస్యమేమీ లేదు. కానీ కూడబలుక్కుని చదివే మనిషికి తన పక్క ఊరి పేరు అచ్చులో కనిపిస్తే ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను. వేలు దాని మీద పెట్టి తీసేది కాదు.

అక్టోబరులో ముఖ్యమంత్రి మారి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చాడు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధం పెట్టారు. అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. గొడవ చల్లారిందనుకుంటే బ్రాందీ షాపులు అలాగే ఉన్నాయి. సారాకు అలవాటుపడ్డ గొంతు బ్రాందీకి పోతుంది, అది ఇంకా ఖరీదు. అందుకని ఈసారి అన్నీ పోవాలన్నారు. 1994 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచి, డిసెంబరు 12న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసిన వేదిక మీదే ఫైలు మీద సంతకం పెట్టాడు. పల్లెపల్లెకూ ప్యాకెట్టు చేరిన వారుణి వాహిని కూడా ఆయన ఏలుబడిలోదే అని ఆ రోజు ఎవరికీ గుర్తు చేసే ఓపిక లేదు. మా ఊళ్ళో టీవీ ఉన్న ఇంటి ముందు జనం. సంతకం చూసి మా అత్త అంది: "అంత గీతకే ఇంతమంది చప్పట్లా? నా సంతకం నేర్చుకోను ఆర్నెల్లు పట్టింది, ఒక్కరన్నా కొట్టారా?" నేను కొట్టాను. ఆమె సిగ్గుపడి కసిరింది.

1995 జనవరి 16 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. ఆ రెండేళ్ళ గురించి రెండు రకాలుగా చెబుతారు. పక్క రాష్ట్రాలనుంచి దొంగసరుకు వచ్చింది, నాటుసారా బట్టీలు లేచాయి, ఖజానా ఖాళీ అయింది, అందువల్ల పనికిరాని ఆలోచన అనేవాళ్ళు ఉన్నారు. అవన్నీ జరిగాయి. మా ఊళ్ళో అయితే ఆ రెండేళ్ళలో రాత్రి పది తర్వాత ఏ ఇంట్లోంచీ ఏడుపు వినపడలేదు. ఈ రెండోది ఏ ఖజానా లెక్కలోకీ ఎక్కదు. 1997లో నిషేధం ఎత్తేశారు. అప్పటికి నాకు పెళ్ళయి హైదరాబాదు వచ్చేశాను. మా మామ కావలి పోయి బ్రాందీ తాగి వచ్చాడని అమ్మ ఉత్తరంలో రాసింది. ఆయన 2004లో పోయాడు, కాలేయం చెడి.

మిగిలింది పొదుపు. సారా పోయాక ఆ డబ్బు ఏమయిందన్న ప్రశ్న నుంచి పొదుపు లక్ష్మి పుట్టింది. ఆడమనిషి రోజుకొక రూపాయి. అది కూడా మొదలైంది మా జిల్లాలోనే. ఇవాళ డ్వాక్రా సంఘాలంటూ రెండు రాష్ట్రాల్లో ఊరూరా కనిపించే ఆడవాళ్ళ గుంపుల వెనక ఆ రూపాయి ఉంది. వేపచెట్టు కింద కూర్చుని పుస్తకంలో పొదుపు లెక్క రాసే పని ముందు మా అత్తకే అప్పజెప్పారు. రెండేళ్ళకు ఆమె బర్రెను కొనుక్కుంది. దూడకు నా పేరు పెట్టిందని అమ్మ చెబితే నాకు కోపం రావాలో ఆనందపడాలో తెలియలేదు.

రోశమ్మ 2016 ఆగస్టులో చనిపోయింది. చివరిదాకా నిషేధం మళ్ళీ పెట్టమని అడుగుతూనే ఉంది. ఆ రోజు అత్తే నాకు ఫోన్ చేసి పేపర్లో వార్త మొత్తం చదివి వినిపించింది, తేదీతో సహా. చదవటం అయ్యాక "ఫోటో ఇంత చిన్నదేస్తారా?" అని అడిగింది.

ఆ మధ్య ఊరికి పోయాను. అత్తకు ఇప్పుడు డెబ్బై దాటాయి, కళ్ళద్దాలు మందమయ్యాయి. బస్సాగే చోట, అదే రోడ్డు మీద, ఒక కిరాణా అంగడి వెనక బెల్టు షాపు నడుస్తోంది. సంగతి ఊరందరికీ తెలుసు. మూయించాలని ఆమె పట్టు. అర్జీ రాసిపెట్టమని నన్ను కూర్చోబెట్టింది. నేను "గౌరవనీయులైన అధికారి గారికి, మా గ్రామంలో నెలకొన్న పరిస్థితిని తమరి దృష్టికి తీసుకురావడమైనది" అని మొదలుపెట్టి పేజీ నింపి చదివాను. ఆమె అద్దాలు సవరించుకుని విన్నది.

"నువ్వు రాసింది కాళ్ళ మీద పడ్డట్టుండాది. ఇటివ్వు."

కాగితం తీసుకుని, తిరగేసి, నా పెన్నుతో ఆమే రాసింది. అక్షరాలు పెద్దవి, వరస కొంచెం పైకి పాకుతుంది, ఒత్తులు రెండు చోట్ల లేవు. అయ్యా లేదు, విన్నపము లేదు. మొదటి వాక్యం ఇది: "మా ఊల్లో ఒక వారానికి ఎన్ని సీసాలు అమ్ముతుండారో మేము లెక్క తీసినాము." ఆ కింద, ఇంటి పేర్లు లేకుండా, అంకెలు. సంతకాలకు జాగా వదిలి, పైన తనది పెట్టి, పక్కింటి కోడల్ని పిలవమని నన్ను పంపింది.